మనసు చివుక్కుమంటే ఏ లేబుల్ వేయాలి?

ఈ గొడవ ఒక మినీ ప్రాజెక్ట్ దగ్గర మొదలైంది.

పోయిన సెమ్‌లో మా నలుగురి టీమ్ తెలుగు వాక్యాలను ఎమోషన్ బట్టి విడదీసే ప్రాజెక్ట్ తీసుకుంది. వినడానికి సింపులే. ఒక వాక్యం ఇస్తే మోడల్ అది కోపమో, బాధో, భయమో, ఆశ్చర్యమో, సంతోషమో, అసహ్యమో చెప్పాలి. ఈ ఆరూ ఎక్కడివంటే, పాల్ ఎక్మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1960లలో పాపువా న్యూ గినీ దాకా వెళ్ళి, అక్కడివాళ్ళకు ముఖాల ఫోటోలు చూపించి, కొన్ని భావాలను మనుషులు ఎక్కడున్నా గుర్తుపడతారని వాదించాడు. ఆయన లిస్టులో పేరు పడ్డవి ఈ ఆరు. ఎమోషన్ డేటాసెట్లు చాలావరకు ఇప్పటికీ వీటి చుట్టూనే తిరుగుతాయి. మోడల్‌కి నేర్పాలంటే ముందు మనుషులు కూర్చుని ప్రతి వాక్యానికీ చేత్తో లేబుల్ వేయాలి. ఆ మనుషులం మేమే.

అన్నీ బాగానే సాగుతుండగా ఒక వాక్యం వచ్చింది. 'ఆ మాటతో అతని మనసు చివుక్కుమంది.'

నేను 'బాధ' అని వేశాను. గుంటూరు నుంచి వచ్చిన నా టీమ్‌మేట్ 'కోపం' అని వేసింది. మూడోవాడు 'ఆశ్చర్యం' అన్నాడు. నాలుగోవాడు మాత్రం నిజాయితీపరుడు, 'అసలు చివుక్కు అంటే ఏంటి?' అని అడిగాడు. వాడికి జవాబు చెప్పబోయి మేం ముగ్గురం ఆగిపోయాం. అర్థం తెలుసు. చెప్పడం రావట్లేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం (చాలామంది నవ్వుకుంటున్నారని తెలుసు, మీరూ అదే చేశారు). కాబట్టి నేను తెలుగు పండితుల టోన్‌లో మాట్లాడలేను. కానీ ఈ ఒక్క మాట మీద నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. దాని కోసమే ఈ వ్యాసం. ఈ మాటను మనం 'హర్ట్' అనే మాటతో మార్చేసుకున్నాం. ఆ మార్పిడిలో మనకు నష్టం జరిగింది.

మా ఇల్లు పాతబస్తీలో, లాల్ దర్వాజా దగ్గర. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా నాయనమ్మ గడప దగ్గర కూర్చుని గోకరకాయలు తుంచుతోంది. బ్యాగు పక్కన పెట్టి అడిగాను, 'నాయనమ్మా, మనసు చివుక్కుమంది అంటే ఏంది?' అని.

ఆమె చేతిలో పని ఆగిపోయింది. 'ఎవలేమన్నరు బిడ్డా నిన్ను?' అంది.

నేను అడిగింది మీనింగ్. ఆమె అడిగింది ఎవరని. మూడు రోజులు మేం వాదించుకున్న ప్రశ్నకు అదే సగం జవాబని నాకు అప్పుడు తట్టలేదు. 'ఎవరూ ఏమీ అనలేదు, కాలేజీ పని' అని చెప్పి, మాకు ఉదాహరణలు కావాలని, ఆ మాట వాడి ఒక వాక్యం చెప్పమని అడిగాను. ఫోన్‌లో రికార్డర్ కూడా ఆన్ చేశాను.

ఆమె రెండు కాయలు తుంచింది. తర్వాత చెప్పింది. 'మొన్న నువ్వు నీ దోస్తుతోని ఫోన్ల అంటివి గద, మా ఇంటికి వద్దు, మా ఇంట్ల ఎవలకేం తెల్వది అని. అప్పుడు నా మనసు సివుక్కుమన్నది. గట్ల వాడుతరు.'

ఫోన్‌లో నేను ఆ మాట ఇంగ్లీషులో అన్నాను. ఆమెకు అర్థం కాదనుకున్నాను. గుల్జార్ హౌజ్ దగ్గర ముప్పై ఏళ్ళు పూలమ్మిన మనిషి. మార్వాడీ సేట్లతో హిందీ, గాజుల దుకాణాలవాళ్ళతో ఉర్దూ, గుడికి వచ్చేవాళ్ళతో తెలుగు మాట్లాడుతూ బుట్ట ఖాళీ చేసి ఇంటికొచ్చిన మనిషి. నేను పదో తరగతి అయ్యేదాకా నా స్కూల్ ఫీజులో సగం ఆ పూల డబ్బే. అలాంటి మనిషికి ఒక వాక్యం టోన్ అర్థం కాదనుకున్నాను.

నా నోటికి వెంటనే వచ్చిన మాట, 'సారీ నాయనమ్మా, హర్ట్ అయ్యావా?'

'హర్టు గిర్టు ఏం లేదు. పో, నీళ్ళు తాగు.'

ఆ రికార్డింగ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. డేటాసెట్‌లో పెట్టలేదు.

సరే, ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. తెలుగులో ఒక్కసారిగా కలిగే భావాలకు ఒక పెద్ద కుటుంబమే ఉంది. మనం రోజూ వాడేవే. ఒక్కోదాన్ని మన కాలేజీ భాషలో చెప్పడానికి ట్రై చేస్తాను.

గతుక్కుమనడం: ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో, మీరు పక్కవాడి రికార్డులోంచి దించిన లైన్ మీదే వేలు పెట్టి 'ఇదెందుకు రాశావ్?' అని అడిగితే కలిగేది. మా గల్లీ గతుకుల్లో బండి నడిపేవాళ్ళకు ఈ మాట వేరే నేర్పక్కర్లేదు.

గుండె గుభేలుమనడం: క్లాసులో ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బయటికొచ్చి చూస్తే అమ్మ నుంచి పదకొండు మిస్డ్ కాల్స్.

చురుక్కుమనడం: ఎండ, నిప్పు, చీమ కుడితే వచ్చేది. మాట కూడా చురుక్కుమంటుంది. అయితే అలాంటి మాటలో ఎంతో కొంత నిజం ఉంటుంది. పూర్తి అబద్ధమైతే కోపం వస్తుంది గానీ చురుక్కుమనదు.

ప్రాణం ఉసూరుమనడం: షార్ట్‌లిస్ట్ పీడీఎఫ్ తెరిచి, మీ రోల్ నంబర్ కోసం పైకీ కిందికీ రెండుసార్లు స్క్రోల్ చేశాక కలిగేది.

ఒళ్ళు ఝల్లుమనడం: దీంతో మా ప్రాజెక్టుకు ఇంకో తలనొప్పి. చీకట్లో ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే ఝల్లుమంటుంది. బోనాలప్పుడు మా సింహవాహిని గుడి ముందు డప్పులు ఒక్కసారి అందుకుంటే అప్పుడూ ఝల్లుమంటుంది. మొదటిది భయం, రెండోది ఆనందం. మాట ఒకటే, లేబుల్స్ రెండు.

గుండె కలుక్కుమనడం: కలుక్కు శరీరానికీ వాడతాం, మెడ కలుక్కుమంది, నడుము కలుక్కుమంది అని. మొన్న లాడ్ బజార్‌లో గాజుల డబ్బాలు మోస్తూ నా స్కూల్ క్లాస్‌మేట్ ఒకడు కనిపించాడు. లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ముందుండేవాడు. నన్ను చూసి నవ్వి, 'ఇంజనీరింగా? మంచిగున్నది' అని వెళ్ళిపోయాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గుండె కలుక్కుమంది.

ఇప్పుడు చివుక్కు. పైవాటి పక్కన పెట్టి చూస్తే దాని తేడా తెలుస్తుంది. చివుక్కుమనేది దాదాపు ఎప్పుడూ మనసే. కాలు చివుక్కుమనదు, నడుము చివుక్కుమనదు. ఎండకీ చీమకీ ఇక్కడ పని లేదు. దానికి ఇంకో మనిషి కావాలి. అందుకే నాయనమ్మ 'ఎవలేమన్నరు' అని అడిగింది. ఆ మనిషి కూడా మనవాడై ఉండాలి. రోడ్డు మీద ఆటోవాడు తిడితే కోపం వస్తుంది, చివుక్కుమనదు. కారణం చిన్నదై ఉండాలి. అవతలివాళ్ళు కావాలని చెయ్యకపోయినా సరే. దాని మీద ఎవరూ గొడవ పడరు. పడితే అది చివుక్కు స్టేజ్ దాటిపోయినట్టే.

అదే సాయంత్రం నాయనమ్మ దీన్ని నాకంటే బాగా చెప్పింది. గోకరకాయ పుటుక్కున తుంచి, 'గిది తెగుడు. సివుక్కంటే తెగుడు గాదు. వంగుతది, నార ఉంటది' అంది. నిఘంటువు ఇలా చెప్పదు. కానీ ఆ కాయలు తుంచినవాళ్ళకు తెలుసు, సరిగ్గా తుంచకపోతే రెండు ముక్కల మధ్య నార పట్టుకునే ఉంటుంది. చివుక్కుమన్న మనసుకి, అలా అనిపించిన మనిషికి మధ్య ఆ నార ఇంకా ఉంది. బంధం తెగిపోయిన చోట ఈ మాట వాడం.

కోపమా, బాధా, ఆశ్చర్యమా అంటే, మూడూ కొంచెం కొంచెం. మా ముగ్గురి లేబుల్సూ తప్పు కాదు, మూడూ చాలలేదు.

కొంచెం సీఎస్ బుర్ర కూడా పెడతాను. ఈ మాటలను జంటలుగా రాసుకుని చూడండి. తళుక్కున మెరిసింది, తళతళా మెరుస్తోంది. కిసుక్కున నవ్వింది, కిసకిసా నవ్వుకున్నారు. గుటుక్కున మింగాడు, గుటగుటా తాగాడు. చివర 'క్కు' వస్తే పని ఒక్కసారే జరిగి అయిపోయింది. మాట డబుల్ అయితే సాగుతూనే ఉంది. ఒకటి ఈవెంట్, ఇంకోటి లూప్. చివుక్కు పూర్తిగా ఈవెంట్. 'చివచివా' అని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. నొప్పి తర్వాత రెండు రోజులు ఉండొచ్చు, కానీ చివుక్కుమన్నది మాత్రం ఆ ఒక్క క్షణమే. (కడుపు తరుక్కుపోవడం కూడా ఈ బ్యాచే అనుకున్నాను. కాదు. అది కూర తరుగుతాం చూడండి, ఆ తరుగు నుంచి వచ్చింది, తరుగుకొని పోవడం. చివర ఒకేలా వినిపిస్తుంది, పుట్టుక వేరు.)

అనిమే చూసేవాళ్ళకు ఒక బోనస్. జపనీస్‌లో గుండె దడదడలాడటాన్ని డోకిడోకి అంటారని మీకు తెలుసు. అదే ఒక్కసారి గుండె ఆగి కొట్టుకుంటే 'డోకిట్టో' అంటారు. డబుల్ అయితే లూప్, చివర నొక్కితే ఈవెంట్. మన తళతళ, తళుక్కుల పద్ధతే. పైగా ఆ చివరి 'టో', మన 'అని' లాగా, ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడు వాడే ముక్కే. సంబంధం లేని రెండు భాషలు భావాన్ని ఒక పలుకుగా వినడం నాకు భలే నచ్చింది.

ఎందుకంటే అసలు విషయం ఆ 'అను'లోనే ఉంది. చివుక్కుమంది అంటే, మధ్యలో ఉన్న 'మ'ని పక్కన పెడితే, చివుక్కు అని అన్నది. ఎవరు అన్నారు? మనసు. 'నా మనసు చివుక్కుమంది' అనే వాక్యంలో కర్త మనసు. మాట్లాడింది మనసు. అన్నవాళ్ళు ఆ వాక్యంలోనే లేరు.

దీన్ని మా పక్కింటి ఖాలాతో కూడా చెక్ చేశాను. పాతబస్తీలో ఉండే లాభం అదే, రెండో భాష గోడ అవతలే దొరుకుతుంది. ఉర్దూలో ఇలాంటి మాటలకు కొదవ లేదు. దిల్ ధక్ సే రహ్ గయా అంటే మన గుభేలు. టీస్ అంటే పుండు సలిపినట్టు వచ్చే నొప్పి. కసక్ అంటే ఎప్పటిదో, లోపల మిగిలిపోయి ఉండి ఉండి తెలిసేది. చివుక్కు సందర్భం చెప్పి, దీనికేమంటారని అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, 'బాత్ దిల్ కో లగ్ గయీ' అంది. మాట మనసుకు తగిలింది.

ఈ రెండు భాషలూ మా గల్లీల్లో ఒకదాన్నొకటి ఎంత తీసుకున్నాయో చెప్పాలంటే అదో వ్యాసం అవుతుంది. మన దక్కనీ ఉర్దూలో 'ఆతూఁ బోల్కే బోలా' అంటారు. 'వస్తానని చెప్పాడు' అనడంలో మన 'అని' ఏ పని చేస్తుందో ఆ 'బోల్కే' అదే పని చేస్తుంది. భాషాశాస్త్రవేత్త మరే ఎమెనో 1956లో భారతదేశం మొత్తాన్ని ఒక భాషా ప్రాంతంగా చూడాలని రాశాడు. 1969లో ఈ ధక్, తళుక్కు లాంటి ధ్వన్యనుకరణ మాటలనే తీసుకుని, వేరు వేరు కుటుంబాల భాషలు కూడా ఇక్కడ వీటిని పంచుకున్నాయని చూపించాడు. ఆయన పేపర్లలో పెట్టింది మా గోడకు అటూ ఇటూ రోజూ వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టండి. మనం మాట్లాడే ఇంగ్లీష్ తెలుగులో, 'నువ్వు నన్ను హర్ట్ చేశావ్'. కర్త నువ్వు. ఖాలా ఉర్దూలో, మాట తగిలింది. కర్త మాట. నాయనమ్మ తెలుగులో, నా మనసు చివుక్కుమన్నది. కర్త నా మనసు. (ఇంగ్లీషులో పాంగ్ అనే మాట ఉందని నాకూ తెలుసు. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో 'ఐ ఫెల్ట్ ఎ పాంగ్' అని ఎవరు పెట్టారో చూపించండి. మనం తెచ్చుకున్నది హర్ట్ ఒక్కదాన్నే.)

'నువ్వు నన్ను హర్ట్ చేశావ్' అనగానే ఏమవుతుంది? అవతలివాడు ముద్దాయి అవుతాడు. వెంటనే డిఫెన్స్ మొదలవుతుంది. 'నేనేమన్నాను?', 'జోక్ చేశా', 'నువ్వే ఓవర్ సెన్సిటివ్'. పది నిమిషాల్లో అసలు విషయం పోయి, ఎవరు ముందు ఏమన్నారో స్క్రీన్‌షాట్లు తీసుకునే దాకా వెళ్తుంది. మన క్లాస్ గ్రూపులోనే ఈ సినిమా ఎన్నిసార్లు చూశాం? పైగా హర్ట్ అనేది సైజు లేని మాట. బర్త్‌డే విష్ చెయ్యకపోయినా హర్ట్, బ్రేకప్ అయినా హర్ట్, టీమ్‌లోంచి తీసేసినా హర్ట్. అన్నిటికీ ఒకటే మాట కాబట్టి చిన్నదాన్ని చెప్పాలన్నా పెద్ద మాటే వాడాలి. అంత పెద్ద మాట ఎందుకులే అని చాలాసార్లు చెప్పడమే మానేస్తాం. చెప్పనివి లోపల పేరుకుంటాయి.

'మనసు చివుక్కుమంది' అని చెప్పగలిగితే చిన్నది చిన్నదిగానే చెప్పొచ్చు. కేసు పెట్టకుండా విషయం చెప్పొచ్చు. ఈ మాట పోతే మనకు మిగిలేవి రెండే దారులు, మింగేయడం లేదా గొడవ పడటం. అందుకే ఇది పోకూడదని నేనంటున్నాను. తెలుగు గొప్పదనం గురించి స్పీచ్ ఇవ్వడానికి కాదు.

ఇదంతా టీమ్‌లో చెబితే గుంటూరు ఫ్రెండ్ ఒప్పుకోలేదు. ఆమె అన్నది ఇక్కడ పెట్టకపోతే అన్యాయం. 'నీకు నచ్చిందే నాకు నచ్చనిది. వాక్యంలో చేసినవాడు లేడు, అందుకే వాడు హాయిగా ఉన్నాడు. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా, ఏం లేదు, కొంచెం మనసు చివుక్కుమంది అంతే, అంటూనే ఉంది. ఇంట్లో ఎవరూ ఏదీ మార్చుకోలేదు. హర్ట్ చేశావ్ అని ఒక్కసారి గట్టిగా అనుంటే ఏమైనా మారేదేమో.'

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ సగం ఆమె వైపే ఉన్నాను. ఈ మాట అన్నిటికీ పనికిరాదు. సీనియర్ ర్యాగింగ్ చేస్తే చివుక్కుమనదు, అది నేరం. ఎవరో 'నీ సీటు రిజర్వేషన్‌దా?' అని నవ్వుతూ అడిగితే, దాన్ని చివుక్కు అని మనమే తగ్గించి చెప్పకూడదు. అది అవమానం, దానికి చేసినవాడి పేరు వాక్యంలో ఉండాలి. అమ్మ చెప్పినట్టు ఇరవై ఏళ్ళు వరసగా జరిగేది కూడా చివుక్కు కాదు. ఇందాక నేనే అన్నాను, చివుక్కు ఈవెంట్, లూప్ కాదని. లూప్‌లో పడ్డ నొప్పికి ఈవెంట్ పేరు పెట్టడమే అక్కడ తప్పు. పెద్దదాన్ని చిన్న మాటతో దాచేశారు. చిన్నదాన్ని పెద్ద మాటతో చెప్పడం మన తరం తప్పయితే, ఇది ముందు తరం మీద పడ్డ బరువు.

కానీ ఆమె ప్రశ్నకు ఇంకో సగం జవాబు వ్యాకరణంలోనే దొరికింది. చేసినవాడికి ఈ భాషలో చోటు లేదనుకోవడం తప్పు. ఉంది. చివుక్కుమనిపించడం. 'నేను నీ మనసు చివుక్కుమనిపించాను.' ఇక్కడ కర్త నేను. నొప్పి పడ్డ మనిషి తన వాక్యంలో ఒక కుర్చీ ఖాళీగా వదిలేసింది. అందులోకి ఎవరినీ లాగలేదు. లేచి వెళ్ళి కూర్చోవాల్సింది చేసినవాడు. చివుక్కుమంది అని విన్నాక కూడా వాడు వెళ్ళి కూర్చోకపోతే, తప్పు మాటది కాదు, వాడిది.

నా సారీని ఇప్పుడు ఇంకోసారి చూడండి. 'సారీ, హర్ట్ అయ్యావా?' ఇందులో నేను ఎక్కడున్నాను? ఎక్కడా లేను. హర్ట్ అయింది ఆమె. అది కూడా క్వశ్చన్ మార్క్‌తో, అయిందో లేదో ఆమే కన్ఫర్మ్ చెయ్యాలన్నట్టు. మనం చెప్పే సారీలు చాలావరకు ఇలాగే ఉంటాయి. 'ఫీలయ్యుంటే సారీ.' కంపెనీలు ట్విట్టర్‌లో పెట్టేవీ ఇలాగే ఉంటాయి.

నాలుగు రోజుల తర్వాత, ఆమె రాత్రి పడుకునే ముందు మంచం మీద కూర్చుని మాత్రలు వేసుకుంటుంటే, పక్కన కూర్చుని చెప్పాను. 'నాయనమ్మా, ఆ దినం ఫోన్ల నేను నీ మనసు చివుక్కుమనిపించిన.' ముందే అనుకుని వెళ్ళిన వాక్యమే అయినా గొంతులో ఇరుక్కుంది. సారీ అనేది ఎంత ఈజీ మాటో అప్పుడు తెలిసింది.

ఆమె గ్లాసు కింద పెట్టింది. 'అవు, అనిపించినవ్' అంది.

'ఏం లేదు' అనలేదు. 'పర్వాలేదు' అనలేదు. మొదటిసారి 'హర్టు గిర్టు ఏం లేదు' అన్న మనిషే ఈసారి అవునంది. కాసేపటికి, 'నీ దోస్తులను ఆదివారం తీస్కరా. గోకరకాయ తింటరా ఆళ్ళు?' అని అడిగింది.

వచ్చారు. ముగ్గురూ తిన్నారు. గుంటూరు ఫ్రెండ్ దాన్ని గోరుచిక్కుడు అంటారని నాయనమ్మతో వాదించింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. లేబుల్స్ విషయంలో మా ఇంట్లో కూడా ఏకాభిప్రాయం లేదు.

ప్రాజెక్ట్ సంగతి అడుగుతారేమో. ఏడో లేబుల్ పెడదామన్నాం, గైడ్ ఒప్పుకోలేదు. ఒక్క లేబుల్‌కి అన్ని వాక్యాలు దొరకవన్నారు, అదీ నిజమే. చివరికి ఆ వాక్యాన్ని డేటాలోంచి తీసేసి, రిపోర్ట్‌లో లిమిటేషన్స్ కింద రెండు లైన్లు రాశాం. మోడల్ బాగానే పనిచేసింది. చివుక్కుమనడం దానికి తెలియదు. దానికి తెలియకపోయినా నష్టం లేదు. మనకు తెలియకుండా పోతే మాత్రం నష్టమే.

ఒక రిక్వెస్ట్‌తో ముగిస్తాను. ఈ వారం మీ ఇంట్లోవాళ్ళను ఇలాంటి మాట ఒకటి అడగండి. మీనింగ్ అడగొద్దు, ఎప్పుడు అనిపించిందో చెప్పమనండి. అది క్లబ్‌కి రాసి పంపితే వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం. ఒకవేళ ఆ ఉదాహరణలో మీ పేరే వస్తే, అది మాకు పంపక్కర్లేదు. అది చెప్పాల్సినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు.